కులం పేరుతో దాడి, దూషణ, వెలి: ఎలా గుర్తించాలి, ఎలా ఫిర్యాదు చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఎస్సీ, ఎస్టీ కుటుంబాల కోసం, వాళ్ళ పక్కన నిలబడాలనుకునే ఇరుగుపొరుగు కోసం రాసింది. ఇలాంటి కేసు నిలబడేదీ పడిపోయేదీ చాలావరకు మొదటి రోజు స్టేషన్‌లో ఇచ్చిన కాగితాన్ని బట్టే. అందుకే ఫిర్యాదు రాయడం గురించిన జవాబు మిగతావాటికంటే పొడుగ్గా ఉంటుంది. తొందరలో ఉన్నవాళ్ళు ముందు అదొక్కటి చదవండి.

మామూలు గొడవకీ కుల దాడికీ తేడా ఎలా తెలుస్తుంది?

ఊళ్ళో ఏ గొడవైనా ఏదో ఒక సాకుతోనే మొదలవుతుంది. గట్టు తగాదా, అప్పు తగాదా, బండి తగిలిందన్న మాట. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల ప్రాణాలు పోయాయి. దానికి ముందు జరిగింది మంచినీళ్ళ చెరువు దగ్గర మాటామాటా పెరగడం. తాము తాగే నీళ్ళను గేదెల పనికి వాడి పాడుచేయొద్దని మాదిగపల్లె వాళ్ళు అడిగారు. పైకి చూస్తే నీళ్ళ తగాదా. అడిగింది ఎవరన్నదే అసలు సంగతి.

కాబట్టి ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇదే పని తన కులం వాడు చేసి ఉంటే ఎదుటివాడు ఇలాగే చేసేవాడా? తర్వాత గుర్తుల కోసం చూడండి. కులం పేరో, పేట పేరో నోట వచ్చిందా? "మీవాళ్ళకి ఈమధ్య బాగా ఎక్కువైంది", "మా ముందు కుర్చీలో కూర్చుంటావా" లాంటి మాటలు పడ్డాయా? గొడవకు ముందు ఏం జరిగింది? పెళ్ళి ఊరేగింపా, అంబేడ్కర్ జయంతి ర్యాలీయా, విగ్రహం పెట్టడమా, పంచాయతీ ఎన్నికా, కులాంతర ప్రేమా? ఒక్కడితో తగువైతే పేట మొత్తానికి పనులు ఆపేశారా? వీటిలో రెండు మూడు కలిసినా అది మామూలు తగువు కాదని అనుమానించాలి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (అందరూ అట్రాసిటీ చట్టం అనేది) దృష్టిలో ఇంకో మెలిక ఉంది. హత్య, అత్యాచారం లాంటి పెద్ద నేరాల్లో ఒకప్పుడు "ఎస్సీ, ఎస్టీ అయిన కారణంగానే చేశాడు" అని నిరూపించాల్సి వచ్చేది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, బాధితులు ఎస్సీ లేదా ఎస్టీ అని నిందితుడికి తెలిసి ఉంటే చాలు. ఈ మార్పు విలువ ఎంతో తెలియాలంటే ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఒక కేసు చూడాలి. చూపులేని ఎస్సీ యువతిపై 2011లో జరిగిన అత్యాచారం అది. 2021 ఏప్రిల్‌లో కోర్టు అత్యాచారం శిక్షను ఖాయం చేసింది. అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షను మాత్రం తీసేసింది, కులం కారణంగానే జరిగిందన్న సాక్ష్యం లేదని. నేరం పాత నిబంధన రోజుల్లో జరిగింది మరి. ఇప్పుడైతే మీ కుటుంబం నిందితుడికి ముందే తెలుసని చూపిస్తే, కులం కూడా తెలుసనే కోర్టు అనుకోవాలి. తెలియదని చూపించుకునే బరువు అతని మీద పడుతుంది. అందుకని "ఇతను మాకు పదేళ్ళుగా తెలుసు, మా నాన్న వాళ్ళ పొలంలోనే పనిచేసేవాడు" లాంటి వాక్యం ఫిర్యాదులో తప్పకుండా ఉండాలి.

ఏయే పనులు ఈ చట్టం కింద నేరాలు?

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నాటిది. 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. ఇక్కడ అత్యాచారం అంటే లైంగిక దాడి ఒక్కటే కాదు, అన్ని రకాల దౌర్జన్యాలూ. మూడో సెక్షన్‌లో పెద్ద జాబితా ఉంది. జనం నేరమని గుర్తించకుండా వదిలేసేవాటిని మాత్రం చెబుతాం.

చెప్పుల దండ వేయడం, గుండు కొట్టించడం, మీసం తీయించడం నేరం. పట్టా ఉన్న భూమిని దున్నుకోవడం, పంట కోసుకుపోవడం నేరం. చచ్చిన గొడ్డును ఎత్తమని, గుంత తవ్వమని బలవంతపెట్టడం కూడా అంతే. ఓటు వేయనీయకపోవడం, గెలిచిన సర్పంచ్‌ను కుర్చీలో కూర్చోనీయకపోవడం. వాడుకలో ఉన్న దారి మూసేయడం, తాగే నీటిని పాడుచేయడం, శ్మశానానికి వెళ్ళనీయకపోవడం. గుడిలోకి, హోటల్లోకి, క్షౌరశాలలోకి రానీయకపోవడం. చెప్పులు వేసుకుని, కొత్త బట్టలు కట్టుకుని, బండి ఎక్కి వీధిలో వెళ్తే అడ్డుకోవడం, పెళ్ళి ఊరేగింపు ఆపడం. అంబేడ్కర్ విగ్రహానికి అవమానం చేయడం. చేతబడి చేస్తున్నారని నింద వేసి కొట్టడం. మీ మీద తప్పుడు కేసు పెట్టడం కూడా ఈ జాబితాలో ఉంది.

వీటికి శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్ళ వరకు. మామూలు చట్టంలో 10 ఏళ్ళు, అంతకుమించి శిక్ష పడే నేరం ఎస్సీ, ఎస్టీ అని తెలిసి చేస్తే యావజ్జీవం.

వెలివేస్తే కేసు అవుతుందా? చేతితో కొట్టలేదు కదా?

అవుతుంది. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ 2016 నుంచి నేరుగా నేరం. కూలికి పిలవకపోవడం, కౌలు పొలం వెనక్కి తీసుకోవడం, కిరాణా కొట్లో సరుకు ఇవ్వకపోవడం, ఆటో ఎక్కించుకోకపోవడం, మాట్లాడినవాళ్ళకు జరిమానా అని చాటింపు వేయడం, ఇవన్నీ దీని కిందకే వస్తాయి. ఉత్తర తెలంగాణ ఊళ్ళలో గ్రామాభివృద్ధి కమిటీ, అందరూ వీడీసీ అనేది, ఇలాంటి తీర్మానాలు చేస్తుంటుంది. ఆ కమిటీకి చట్టంలో ఏ అధికారమూ లేదు. జరిమానా వేసే హక్కు అసలే లేదు.

బహిష్కరణ కేసులో చిక్కు ఏమిటంటే కాగితం మీద ఏమీ ఉండదు, అంతా నోటి మాటే. అందుకే మొదటి రోజు నుంచే నోటు పుస్తకంలో రాసుకోండి: ఏ రోజు, ఏ కొట్లో, ఏ సరుకు అడిగితే, ఎవరు ఏమన్నారు. "సరుకు లేదు" అన్న కొట్టతను పక్కనే ఇంకొకరికి అదే సరుకు ఇచ్చాడా, అది రాయండి. చాటింపు వేసిన మనిషి పేరు, విన్నవాళ్ళ పేర్లు రాయండి. వాట్సాప్ గ్రూపులో తీర్మానం పెట్టి ఉంటే అంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

టీ కొట్లో రెండు గ్లాసుల పద్ధతి ఇంకా ఉన్న ఊరైతే, మీ గ్లాసు ఎక్కడ పెడతారో, ఎవరు కడుగుతారో కనిపించేలా ఫోటో తీసి ఉంచండి. ఇప్పుడు చాలాచోట్ల వేషం మారింది. వాళ్ళకు స్టీలు గ్లాసు, మీకు కాగితం కప్పు. అందరికీ కాగితం కప్పే ఇస్తే అది వేరు. మనిషిని బట్టి మారితే వివక్షే.

"ప్రజలు చూస్తుండగా" అంటే ఏమిటి? దీనిమీదే కేసులు పోతాయంటారు, నిజమా?

నిజమే. కులం పేరుతో తిట్టడం, అవమానించడం నేరం కావాలంటే అది జనం చూసే, వినే చోట జరగాలి. బహిరంగ స్థలమే కానక్కర్లేదు. మీ సొంత ఇంటి వాకిట్లో తిట్టినా, దారినపోయేవాళ్ళు చూసేలా ఉంటే చాలు. నాలుగు గోడల మధ్య బయటివాళ్ళెవరూ లేనప్పుడు తిడితే ఈ సెక్షన్ నిలబడదని సుప్రీంకోర్టు 2020 నవంబరులో చెప్పింది. పొలం తగాదాలో బాధితుడు ఎస్సీ అయినంతమాత్రాన అది అట్రాసిటీ కాదనీ అదే తీర్పులో ఉంది.

అంటే మీరు చెప్పాల్సింది మూడు సంగతులు: చోటు, అక్కడ ఉన్న మనుషులు, వాళ్ళకు వినపడిందన్న సంగతి. విన్నవాళ్ళు మీ ఇంటివాళ్ళే అయితే ఎదుటి లాయరు దానిమీదే పట్టుకుంటాడు. బయటి మనిషి ఒక్కరైనా ఉంటే మేలు. ఆటో డ్రైవరు, పాలవాడు, బడి టీచరు, ఎవరైనా.

లేని జనాన్ని ఉన్నట్టు మాత్రం రాయకండి. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు కొట్టి తిట్టి ఉంటే అలాగే రాయండి. తిట్టు సెక్షన్ పోయినా కొట్టిన దెబ్బకు, బెదిరింపుకు వేరే సెక్షన్లు ఉన్నాయి. ఒక్క అబద్ధం బయటపడితే నిజమైనవి కూడా దానితోపాటు పోతాయి.

ఈ చట్టం ఎవరికి వర్తిస్తుంది? క్రైస్తవులమైతే?

బాధితులు ఎస్సీ లేదా ఎస్టీ అయి ఉండాలి. నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాకూడదు. కాబట్టి ఒక ఎస్సీ కులానికీ ఇంకో ఎస్సీ కులానికీ మధ్య, ఎస్సీకీ ఎస్టీకీ మధ్య జరిగేవి దీని కిందకు రావు. నిందితుడు బీసీ అయితే వర్తిస్తుంది. "మేమూ బీసీలమే, మాపై అట్రాసిటీ ఎలా" అనే మాటకు చట్టంలో చోటు లేదు.

మతం సంగతి మన రెండు రాష్ట్రాల్లో నలిగే ప్రశ్న. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్ళకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారి పాస్టరుగా ఉన్న వ్యక్తి ఎస్సీ సర్టిఫికెట్ చేతిలో ఉన్నా ఈ చట్టాన్ని వాడుకోలేడని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో తీర్పు చెప్పింది. ఎస్టీలకు ఈ మతం షరతు లేదు. చర్చికి వెళ్ళే ఎస్సీ కుటుంబాలు ఫిర్యాదు ఇచ్చేముందు లాయరుతో ఈ ఒక్క విషయం మాట్లాడుకోవాలి. దెబ్బ తిన్నవాళ్ళు ఏ మతం వాళ్ళైనా దాడి దాడే. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) కింద కేసు ఎలాగూ పెట్టవచ్చు.

జరిగిన వెంటనే, ఆ మొదటి గంటల్లో ఏం చేయాలి?

ప్రాణానికి ప్రమాదం ఉంటే 112. దెబ్బలు తగిలితే నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి, దాడిలో తగిలిన దెబ్బలని డాక్టరుతో చెప్పి ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు పనికొచ్చే వైద్య నివేదిక) రాయించండి. "కింద పడ్డాను" అని చెప్పి చీటీ రాయించుకుంటే తర్వాత ఆ ముక్కే మీకు ఎదురు తిరుగుతుంది. చిరిగిన చొక్కా, రక్తం అంటిన బట్ట ఉతకకుండా కాగితం సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో తడి పట్టి పాడవుతుంది.

అట్రాసిటీలకు జాతీయ హెల్ప్‌లైన్ 14566 ఉంది, డబ్బులు పడవు. అక్కడ ఫిర్యాదు నమోదు చేసుకుని నంబరు ఇస్తారు. ఆ నంబరు దాచుకోండి. ఆ ఫోను ఎఫ్ఐఆర్‌కు బదులు కాదు, స్టేషన్‌కు వెళ్ళడం తప్పదు.

ఫిర్యాదులో ఏం రాయాలి?

స్టేషన్ బయట రైటరు రాసిచ్చే కాగితాల్లో ఎక్కువగా కనిపించే వాక్యం ఇది: "నన్ను కులం పేరుతో అసభ్యంగా దూషించి చేతులతో కొట్టినారు." చదవడానికి బాగానే ఉంటుంది. కోర్టులో నిలబడదు. ఏ కులం పేరు? ఏమని? ఎక్కడ? ఎవరు విన్నారు? ఒక్కదానికీ జవాబు లేదు.

అదే సంఘటన ఇలా ఉండాలి:

"12వ తేదీ శుక్రవారం సాయంత్రం సుమారు ఆరున్నరకు, మా ఊరి రామాలయం ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర నేను బెంచీ మీద కూర్చుని టీ తాగుతుండగా, ఫలానా వ్యక్తి, వయసు సుమారు 40, కులం ఫలానా, నా దగ్గరికి వచ్చి 'మాదిగ నా కొడకా, మా ముందు బెంచీ మీద కూర్చునేంత మొనగాడివయ్యావా, లేవరా' అని గట్టిగా అరిచి, నా చేతిలో ఉన్న గ్లాసు లాగి నేలకు కొట్టి, కుడి చేత్తో నా ఎడమ చెంప మీద రెండు దెబ్బలు కొట్టాడు. ఆ సమయంలో కొట్టు యజమాని ఫలానా, ఆటో నడిపే ఫలానా, ఇంకా ఐదారుగురు అక్కడే ఉండి చూశారు, విన్నారు. అతను నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. నేను ఎస్సీ మాదిగ కులస్తుడినని అతనికి తెలుసు."

తిట్టు రాయడానికి సిగ్గుపడతారు, రైటరు కూడా మర్యాద కోసం మార్చేస్తాడు. మార్చనీయకండి. నోట్లోంచి ఏ మాట వచ్చిందో అదే, అదే యాసలో, కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి. ఎంత చెడ్డ మాటైనా సరే, నేరం ఆ మాటలోనే ఉంది.

ఇంకొన్ని జాగ్రత్తలు. ఎదుటివాళ్ళు ఐదుగురైతే ఎవరు ఏం చేశారో విడివిడిగా రాయండి. "అందరూ కలిసి" అంటే అందరూ బయటపడతారు. అక్కడ లేని వాళ్ళ అన్నదమ్ముల పేర్లు కలపకండి. ఆ రోజు అతను హైదరాబాద్‌లో ఉన్నట్టు ఒక్క టికెట్ చూపిస్తే మొత్తం కేసు మీద అనుమానం పడుతుంది. ఫిర్యాదు ఆలస్యమైతే కారణం రాయండి: ఆసుపత్రిలో ఉన్నాం, పెద్దమనుషులు ఆగమన్నారు, భయపడి చుట్టాల ఊరికి వెళ్ళాం. ఆలస్యం వల్లనే కేసు చెల్లకుండా పోదు, కారణం చెప్పని ఆలస్యమే దెబ్బతీస్తుంది. సెక్షన్లు తెలియకపోతే రాయనక్కర్లేదు, అది పోలీసుల పని.

కుల ధ్రువీకరణ పత్రం నకలు జతచేయండి. లేకపోతే ఆగకండి. తహసీల్దారు దగ్గర తర్వాత తీసుకుని ఇవ్వవచ్చు. నిందితుడి కులం పత్రం తెప్పించుకునే బాధ్యత దర్యాప్తు అధికారిది.

రాయడం రానివాళ్ళు నోటితో చెప్పవచ్చు. స్టేషన్ అధికారి రాసుకుని, సంతకమో వేలిముద్రో తీసుకునేముందు మీకు చదివి వినిపించాలి. ఇది చట్టంలో ఉన్న విధి. చదివించుకోకుండా వేలిముద్ర వేయకండి.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే? "ముందు విచారణ చేస్తాం" అంటే?

2018 సవరణతో వచ్చిన 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు. సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో ఈ సెక్షన్‌ను సమర్థించింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహితలో మూడు నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాలకు 14 రోజుల ప్రాథమిక విచారణ చేయవచ్చని ఉంది. దాన్ని చూపించి పంపేస్తే, అట్రాసిటీ చట్టం ప్రత్యేక చట్టమని, అందులో 18ఏ ఉందని మర్యాదగా, గట్టిగా చెప్పండి. "మా పరిధి కాదు" అన్నా వినకండి. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ (పరిధి చూడకుండా నమోదు చేసి, తర్వాత సరైన స్టేషన్‌కు పంపేది) కట్టాలి.

అయినా తీసుకోకపోతే అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి, కమిషనరేట్ అయితే కమిషనరుకు, రిజిస్టరు పోస్టులో పంపండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ స్టేషన్‌లో, ఎవరు నిరాకరించారో ఒక పేరా చేర్చండి. పోస్టు రసీదు పోగొట్టుకోకండి. ఆ తర్వాతి మెట్టు ప్రత్యేక కోర్టు. దీనికి సమాంతరంగా సోమవారం కలెక్టరు అర్జీల కార్యక్రమంలో ఒక కాపీ, రాష్ట్ర కమిషన్‌కు, జాతీయ ఎస్సీ లేదా ఎస్టీ కమిషన్‌కు ఒక్కో కాపీ ఇవ్వవచ్చు. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని విధి నిర్లక్ష్యం చేస్తే నాలుగో సెక్షన్ కింద 6 నెలల నుంచి ఏడాది వరకు శిక్ష ఉంది.

ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. చేతికి రాగానే చట్టం పేరు, సెక్షన్లు చూడండి. అట్రాసిటీ సెక్షన్ లేకుండా దెబ్బల సెక్షన్ ఒక్కటే ఉంటే ఆ రోజే డీఎస్పీకి రాతపూర్వకంగా అడగండి.

దర్యాప్తు ఎవరు చేయాలి? నిందితుడిని ఎందుకు అరెస్టు చేయలేదు?

డీఎస్పీ లేదా ఏసీపీ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. సీఐ, ఎస్సై సాక్షుల వాంగ్మూలాలు తీసుకుని డీఎస్పీ సంతకం పెడితే, ఎదుటి లాయరు మొదట పట్టుకునేది అదే. మీ ఇంటికి ఎవరు వచ్చారు, ఎవరు రాసుకున్నారో గుర్తుపెట్టుకోండి. 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. ఆలస్యమైతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి.

అరెస్టు విషయంలో చాలామంది నిరాశపడతారు. ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాలకు పోలీసులు నోటీసు ఇచ్చి పంపడం మామూలైంది. పాత సీఆర్‌పీసీలో 41ఏ నోటీసు, ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 35(3). నోటీసు ఇస్తే కేసు పోయినట్టు కాదు. నోటీసు తీసుకున్నవాడు మిమ్మల్ని బెదిరిస్తే తేదీ, మాటలతో సహా వెంటనే డీఎస్పీకి రాసివ్వండి. ముందస్తు బెయిలు ఈ చట్టంలో లేదు. అయితే ఫిర్యాదు చదివితే నేరమే కనిపించని పక్షంలో కోర్టులు ఇస్తున్నాయి. చూశారా, మళ్ళీ ఆ మొదటి కాగితం దగ్గరికే వచ్చాం.

బెయిలు దరఖాస్తు వస్తే మీకు నోటీసు ఇవ్వాలి, మీ మాట వినాలి. ఇది 15ఏ సెక్షన్ ఇచ్చిన హక్కు. నోటీసు రాకుండా బెయిలు ఇస్తే దానిమీదే పైకోర్టుకు వెళ్ళవచ్చు.

పరిహారం ఎంత? ఎప్పుడు వస్తుంది?

2016 నిబంధనల పట్టిక ప్రకారం దూషణ, అవమానం, బహిష్కరణ లాంటివాటికి 1,00,000 రూపాయలు. దూషణ కేసుల్లో ఇది ఎఫ్ఐఆర్ దశలో 25 శాతం, చార్జిషీటు వేశాక 50, శిక్ష పడ్డాక 25 శాతంగా వస్తుంది. హత్య జరిగితే 8,25,000. సగం పోస్టుమార్టం తర్వాత, సగం చార్జిషీటు తర్వాత. దానితోపాటు కుటుంబానికి నెలకు 5,000 మూల పింఛను, పైన కరువు భత్యం, పిల్లలకు డిగ్రీ దాకా చదువు ఖర్చు ఉన్నాయి. తగలబెట్టిన ఇంటికి ప్రభుత్వ ఖర్చుతో పక్కా ఇల్లు. తక్షణ సాయం 7 రోజుల్లో అందాలి.

డబ్బు ఆగేది చాలావరకు చిన్న కారణాలకే. ఎఫ్ఐఆర్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, బ్యాంకు ఖాతా వాడక ఆగిపోయి ఉండటం. ఎఫ్ఐఆర్ వేసే రోజే ఆధార్‌లో ఉన్నట్టు పేరు చెప్పండి. ప్రతిపాదన డీఎస్పీ నుంచి కలెక్టరుకు వెళ్తుంది. వెళ్ళిందా లేదా అని రెండు చోట్లా అడగండి. మూడు నెలలకోసారి కలెక్టరు అధ్యక్షతన జరగాల్సిన జిల్లా విజిలెన్స్ కమిటీలో పెండింగ్ పరిహారాలు చర్చకు వస్తాయి. మీ కేసు నంబరు ఆ కమిటీ సభ్యుల్లో ఒకరికి ముందే ఇచ్చి ఉంచండి.

రాజీ పడమని పెద్దమనుషులు కూర్చోబెడుతున్నారు. ఎదురు కేసు పెడతామంటున్నారు. ఏం చేయాలి?

ఇది రాజీకి వీలున్న నేరం కాదు. స్టేషన్‌లోనో రచ్చబండ దగ్గరో కాగితం రాసుకుంటే కేసు కొట్టేయడం కుదరదు. హైకోర్టు, సుప్రీంకోర్టు మాత్రమే, అదీ అరుదుగా, రాజీని ఒప్పుకుంటాయి. ఖాళీ కాగితం మీద, ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం ఎవరు అడిగినా పెట్టకండి. డబ్బు తీసుకుని కోర్టులో మాట మార్చిన సాక్షి ఊళ్ళో తర్వాతి బాధితుడి కేసును కూడా బలహీనం చేసినట్టే. ఇది కటువుగా అనిపించినా చెప్పక తప్పదు. కూలి వాళ్ళ పొలంలోనే, నీళ్ళు వాళ్ళ బోరులోనే అయినప్పుడు ఎదురు నిలవడం ఎంత కష్టమో మాకు తెలుసు. అందుకే ఒక్క కుటుంబంగా కాక, పేట మొత్తంగా ఫిర్యాదుకు వెళ్ళండి.

ఎదురు కేసు దాదాపు ప్రతిసారీ వస్తుంది. సాధారణంగా ఆడవాళ్ళతో అసభ్యంగా ప్రవర్తించారనో, దొంగతనమనో. దాని తేదీ, సమయం చూడండి. మీ ఎఫ్ఐఆర్ తర్వాత వచ్చిందంటే, అది ఎదురుదెబ్బగా పెట్టిన కేసని చెప్పడానికి మీకు పనికొస్తుంది. న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, నంబరు 15100. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో తిడితే?

నలుగురు చూసే గ్రూపు, అందరికీ కనిపించే పోస్టు అయితే కేసు వీలవుతుంది. ఇద్దరి మధ్య ఫోన్ కాల్‌లో తిడితే "ప్రజలు చూస్తుండగా" అన్నది నిలబడటం కష్టం. పోస్టు తీసేసేలోపు పేరు, తేదీ, సమయం, లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. గ్రూపు పేరు, సభ్యుల సంఖ్య కూడా. వీడియో అయితే మొదట తీసిన ఫోనే అసలు సాక్ష్యం. వాట్సాప్‌లో పంపిన కాపీలో నాణ్యత, వివరాలు పోతాయి. ఆ ఫోను అమ్మకండి, రీసెట్ చేయకండి. కోర్టులో దానికి కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమం) 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి. ఫోను ఎవరిదో వాళ్ళ సంతకం దానిమీద ఉంటుంది.

నేను బాధితుణ్ణి కాదు, చూశానంతే. ఫిర్యాదు ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు. నేరం గురించి ఎవరు చెప్పినా పోలీసులు నమోదు చేయాలి. మీరు ఏ కులం వారైనా సరే. నిజానికి ఎదుటి కులంలోంచి వచ్చిన ఒక్క సాక్షి మాట కోర్టులో ఎంతో బరువు తూగుతుంది. సాక్షులకూ రక్షణ అడిగే హక్కు ఉంది. ముందుకు రావడానికి భయమైతే కనీసం చూసిన సంగతి ఆ రాత్రే కాగితం మీద రాసుకుని తేదీ వేసుకోండి.

మతం, భాష, ప్రాంతం పేరుతో దాడి జరిగితే? విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు?

కులం, వర్గం, భాష, పుట్టిన చోటు, వ్యక్తిగత నమ్మకం లాంటి కారణంతో ఐదుగురు, అంతకుమించి కలిసి హత్య చేస్తే భారతీయ న్యాయ సంహిత 103(2) కింద మరణశిక్ష లేదా యావజ్జీవం. వర్గాల మధ్య ద్వేషం రగిలించే మాటలకు 196వ సెక్షన్ ఉంది. ట్రాన్స్‌జెండర్లపై దాడికి 2019 నాటి ప్రత్యేక చట్టం ఉంది.

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఒలేతలో హైదరాబాద్ ఇంజినీరు ఒకరిని "మా దేశం వదిలి పో" అని అరిచి కాల్చి చంపారు. అక్కడ దీన్ని ద్వేష నేరంగా విచారించి యావజ్జీవం వేశారు. అమెరికాలో ముందు 911, తర్వాత ఎఫ్‌బీఐకి విడిగా చెప్పాలి. బ్రిటన్‌లో అత్యవసరమైతే 999, కాకపోతే 101. అక్కడ కూడా సూత్రం ఒకటే: అన్న మాటను అన్నట్టే చెప్పండి.

కోర్టుకు వెళ్ళాల్సిన రోజు ఏం గుర్తుపెట్టుకోవాలి?

విచారణ చార్జిషీటు వేసిన రెండు నెలల్లో ముగియాలని చట్టంలో ఉంది. వాస్తవంలో ఏళ్ళు పడుతుంది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపిన కేసులో ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. తీర్పు వచ్చేసరికి 2007 జూలై 31. 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. అంత కాలం గడిచాక జ్ఞాపకం మసకబారుతుంది. కాబట్టి మీ ఫిర్యాదు, వాంగ్మూలం కాపీలు ఒక కవరులో పెట్టి, సాక్ష్యానికి ముందు రోజు రాత్రి రెండుసార్లు చదువుకోండి. ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటరును ఒకరోజు ముందే కలవండి. ఆయన మీద నమ్మకం లేకపోతే సీనియర్ లాయరును పెట్టమని కలెక్టరును కోరే వీలు నిబంధనల్లో ఉంది. గుర్తులేని సంగతికి "గుర్తులేదు" అనండి, ఊహించి చెప్పకండి.

వెళ్ళిరావడానికి బస్సు, రైలు చార్జీలు, ఆ రోజు పోయిన కూలికి కనీస వేతనానికి తగ్గని భత్యం బాధితులకూ సాక్షులకూ ఇవ్వాలి, మూడు రోజులు దాటకుండా. ఆడవాళ్ళు, పిల్లలు, అరవై దాటినవాళ్ళు తమకు నచ్చిన మనిషిని తోడు తీసుకెళ్ళవచ్చు, ఆ తోడు మనిషికీ చార్జీలు ఉంటాయి. ఇవి ఎవరూ పిలిచి ఇవ్వరు. టికెట్లు పారేయకుండా, ఆ రోజు కోర్టుకు వచ్చినట్టు సంతకం చేయించుకున్న చీటీతో కలిపి అర్జీ పెట్టండి.